చెంచాడు చోటు

మేనమామ కూతురి పెళ్లికి ట్రాక్టర్ వెనక మోకు కట్టించుకుని విడిదింటి ముందు దిగిన మనిషిని నేనే. మోకు రెండో కొసన ఉన్నది నా కారు. ముందు సీట్లో పట్టుచీర కట్టుకున్న మా ఆవిడ, వెనక సీట్లో పసుపు కుంకుమల సంచీ ఒళ్లో పెట్టుకున్న మా అమ్మ. మమ్మల్ని చూసి సన్నాయి వాయించేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగారు. 2012 మే నెల సంగతి ఇది. ఏమైందని అడిగినవాళ్లందరికీ "పెట్రోల్లో కల్తీ" అని చెప్పుకొచ్చాను. అది పచ్చి అబద్ధం. ఆ బంకువాళ్లు ఏ పాపమూ ఎరగరు. పాపమంతా నాది. ఇన్నేళ్లకు ఉన్నదున్నట్టు మీతో చెప్పుకుంటే గుండె కాస్త తేలికవుతుందని రాస్తున్నాను. మీరు నన్ను క్షమిస్తారనే నా నమ్మకం. ఎదుటివాడి బండి మన బండిని దాటిపోతే కడుపులో కలుక్కుమనని మనిషిని నేనింతవరకూ చూళ్లేదు మరి.

నాది విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నించి రాత్రి దాకా అంకెలతోనే కాపురం. అంకె సరిపోయిందంటే లోకం సరిపోయినట్టే అనుకునే రకాన్ని. నాకో సెకండ్ హ్యాండ్ మారుతి ఎస్టీమ్ ఉండేది. 1298 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, కంపెనీ లెక్కలో 85 హార్స్ పవర్. బరువు చూస్తే తొమ్మిది వందల కిలోల లోపే. బంగారంలాంటి బండి. దానికి ఏ లోటూ లేదు, లోటంతా నా బుర్రలోనే ఉంది.

ఆ ఏడాది మా చెల్లెలి భర్త కొత్త డీజిల్ కారు కొన్నాడు. ఒక ఆదివారం అందరం రెండు కార్లలో మంగళగిరి వెళ్లొస్తుంటే, ఆయన నన్ను అలవోకగా దాటేసి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర, మజ్జిగ పోసుకుంటూ, "మీ బండికి వయసైపోయింది బావగారూ, టర్బో లేకపోతే ఇక లాభం లేదు" అన్నాడు. మామూలుగా అన్న మాటే. పాపం, ఆయన మర్నాటికే మర్చిపోయి ఉంటాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్క మాట చెవిలో పడితే ఏడాది పొడుగునా దాన్ని నెమరేసుకునే గుణం నాది. మీకూ ఉండే ఉంటుంది.

టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒకే ఇరుసుకి రెండు కొసలా రెండు చిన్న చక్రాలు. సైలెన్సర్లోకి పోయే వేడి పొగ ఒకదాన్ని తిప్పుతుంది, రెండోది బయటి గాలిని ఇంజిన్లోకి కూరుతుంది. ఎక్కువ గాలి దూరితే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు, అంతే బలం వస్తుంది. స్విట్జర్లాండు ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. పారబోసే పొగతో పని చేయించుకోవడమనే ఆ ఊహ ఎంత అందమైందో! ఆ అందానికే నేను పడిపోయాను. ఇప్పటికీ ఆ ఊహంటే నాకు ప్రాణం.

మా ఆటోనగర్లో ఏ షెడ్డు ముందు నిలబడినా లారీ ఇంజిన్లకు టర్బోలు కనబడతాయి. ఇన్ని లారీలకు ఉంది కదా, నా కారుకెందుకు ఉండకూడదు అనుకున్నాను. తప్పులో మొదటి కాలు అక్కడే వేశాను. డీజిల్ ఇంజిన్ ముందు ఒట్టి గాలినే నొక్కుతుంది, ఆఖర్న డీజిల్ చిమ్ముతుంది. అంతవరకూ లోపల అంటుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ఎంత గాలి కూరినా డీజిల్ ఓర్చుకుంటుంది. నా ఎస్టీమ్‌లాంటి పెట్రోల్ ఇంజిన్లోకి గాలీ పెట్రోలూ కలిసే వస్తాయి, కలిసే నలుగుతాయి. నలిగిన కొద్దీ వేడెక్కుతాయి. ప్లగ్గు రవ్వ వేశాక మంట ఒక పక్కనుంచి పాకుతూ వస్తుంటే, మూలన మిగిలిపోయిన మిశ్రమం ఆ వేడికీ ఒత్తిడికీ ఆగలేక తనంతట తనే భగ్గుమంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. అది జరిగిన ప్రతిసారీ పిస్టన్ నెత్తిన సుత్తి దెబ్బ పడినట్టే.

ఇది తెలియక చేశానంటే మీరు నమ్మొద్దు. నేను చదివాను. అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ కంపెనీ 1962లో జెట్‌ఫైర్ అనే టర్బో కారు తెచ్చింది. టర్బో పెట్టినా కంప్రెషన్ రేషియో, అంటే లోపలి మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతారన్న లెక్క, 10.25 దగ్గరే ఉంచారు. నాకింగ్ రాకుండా ఉండటానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని గాలితో పాటు లోపలికి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ సీసా నింపడం జనం మర్చిపోయేవారు. రెండేళ్లలో ఆ కారు కథ ముగిసింది. తర్వాత 1970ల చివర్లో స్వీడన్ సాబ్ కంపెనీ 99 టర్బో చేసినప్పుడు కంప్రెషన్ రేషియోని 7.2కి దించేసింది. ఆ కారు జనానికి నచ్చింది. ఈ రెండు కథలూ చదివి నేను నేర్చుకున్నది ఒకే ఒక్క వాక్యం: రేషియో దించితే చాలు, టర్బో పెట్టొచ్చు. మొదటి కథ నేర్పే అసలు పాఠం, వేడిని చల్లార్చే పనిలో అశ్రద్ధ పనికిరాదన్నది, కళ్లముందే ఉన్నా నాకు కనబడలేదు.

ఇక లెక్కకు కూర్చున్నాను. పిస్టన్ కిందికి దిగినప్పుడు దానిపైన ఉండే మొత్తం చోటుని, పైకి వచ్చాక మిగిలే చోటుతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో. నా ఇంజిన్ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 74 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 75.5. ఒక్కో సిలిండర్లో పిస్టన్ తిరిగే చోటు 324.7 సీసీ. కంపెనీ ఇచ్చిన రేషియో 9.5 అంటే పైన మిగిలే చోటు 38.2 సీసీ. దాన్ని 8.5కి దించాలంటే ఆ చోటు 43.3 కావాలి. తేడా 5.1 సీసీ. అంటే మనం కాఫీలో పంచదార వేసుకునే చిన్న చెంచాకి సరిపడా చోటు. అర్ధరాత్రి ఈ అంకె తేలగానే మా ఆవిణ్ణి నిద్ర లేపి మరీ చెప్పాను: "చెంచాడు చోటు చాలు!" ఆవిడ కళ్లు నులుముకుంటూ, "దేనికండీ?" అంది. ఆ ప్రశ్న మీద ఒక్క రాత్రి ఆలోచించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

చెంచాడు చోటు సంపాదించడానికి దారులు మూడు. ఒకటి, హెడ్ గ్యాస్కెట్ మందం పెంచడం. నా బోరుకి మిల్లీమీటరుకి పైగా పెంచాలి. అలా చేస్తే పిస్టన్ అంచుకీ హెడ్డుకీ మధ్య ఉండాల్సిన సన్నని సందు వెడల్పయిపోతుంది. ఆ సందులోంచి మిశ్రమం చివ్వున చిమ్మి సుడులు తిరిగితేనే మంట తొందరగా పాకుతుంది. సందు పెరిగితే మంట నెమ్మదిస్తుంది, నాకింగ్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. రెండు, నెత్తిన గుంట ఉన్న ఫోర్జ్‌డ్ పిస్టన్లు చేయించుకోవడం. కరిగించి అచ్చులో పోసినవి కాకుండా, దిమ్మెని ప్రెస్సు కింద నొక్కి తీర్చినవి ఇవి. దెబ్బకు తట్టుకుంటాయి. నాలుగూ బయటినుంచి తెప్పించాలంటే నా రెండు నెలల జీతం. మూడు, ఉన్న పిస్టన్లనే లేత్ మీద పెట్టి నెత్తిన గుంట తీయించడం. మొదటి దారి తప్పని సరిగ్గానే పట్టుకున్నాను. ఆ ఒక్కటి సరిగ్గా తెలిసినందుకు మిగతావన్నీ తెలిసినట్టే అనుకున్నాను. మూడో దారి పట్టాను.

ఆటోనగర్లో నాకు తెలిసిన లేత్ మేస్త్రి ఒకాయన ఉన్నారు. అరవై దాటిన మనిషి, చేతిలో పనితనం దేవుడిచ్చిన వరం. పాత పిస్టన్ ఒకటి బల్ల మీద పెట్టి నా కాగితం చూపించాను. 60 మిల్లీమీటర్ల వెడల్పు, 1.8 మిల్లీమీటర్ల లోతు గుంట తీస్తే సరిగ్గా 5.1 సీసీ. ఆయన కాగితం చూడలేదు. పిస్టన్ తిరగేసి, లోపలినుంచి బొటనవేలితో నెత్తిని తడిమారు. "బాబూ, ఇది పోత అల్యూమినియం. కంపెనీవాడు ఈ మందం ఊరికే పెట్టలేదు. బలానికీ పెట్టాడు, వేడి పక్కలకు పాకి రింగుల మీదుగా బోరులోకి దిగిపోవడానికీ పెట్టాడు. మీరు పైన చెంచాడు తీస్తే కింద ఆ మేరకు పల్చబడుతుంది. తీయొద్దు" అన్నారు. నేను కాగితం మళ్లీ చూపించాను. "సరే తీస్తాను. మరి గాలి చల్లార్చడానికి ముందు ఇంటర్‌కూలర్ పెడుతున్నారా?" అన్నారు. లేదన్నాను. పెట్టాలంటే ముందు బంపరు కోయాలి. కారు చూడ్డానికి మామూలు ఎస్టీమ్‌లాగే ఉండాలి, లోపలున్న సంగతి దాటిపోయాకే ఎదుటివాడికి తెలియాలి. నా కోరిక అది. ఆ కోరిక కోసం ఇంజిన్‌కి ఊపిరి చల్లబడే దారి మూసేశాను.

మూడో మాట కూడా అన్నారాయన. "రింగుల కొసల మధ్య సందు పెంచాలి." పిస్టన్ రింగు పూర్తి గుండ్రం కాదు, ఒకచోట తెగి ఉంటుంది. వేడికి రింగు సాగుతుంది కనక ఆ సందు వదులుతారు. మామూలు ఇంజిన్‌కి బోరులో వెయ్యోవంతుకి నాలుగు రెట్లు, అంటే నా బోరుకి 0.3 మిల్లీమీటర్లు సరిపోతుంది. టర్బో వేడికి ఆరు రెట్ల దాకా, 0.44 కావాలి. తేడా వెంట్రుక మందం కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆకురాయితో పది నిమిషాల పని. నేను ఒప్పుకోలేదు. సందు పెంచితే కంప్రెషన్ కారిపోతుంది, కంపెనీ కొలతే ఉంచండి అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, "మీ బండి, మీ ఇష్టం బాబూ" అన్నారు. ఆటోనగర్లో ఆ మాట వినబడితే మనం దణ్ణం పెట్టి ఇంటికి వెళ్లిపోవాలి. నాకప్పుడు తెలియదు.

అయినా తాను ఒప్పుకున్న పనిలో ఆయన రవ్వంత లోపం చేయలేదు. గుంట అంచులు పదునుగా లేకుండా గుండ్రంగా తిప్పారు. నాలుగు పిస్టన్లనూ బంగారం తూచే తక్కెడలో పెట్టి ఒక్క గ్రాము తేడా రాకుండా చూశారు. హెడ్డు తిరగేసి, గుంట మీద గ్రీజు రాసిన అద్దం పలక మూసి, చిన్న కన్నంలోంచి సిరంజితో కిరసనాయిలు ఎక్కిస్తూ ఒక్కో గది ఎన్ని సీసీలు పడుతుందో నాకు చూపించారు. నేను కాగితం మీద చేసిన లెక్కని ఆయన కిరసనాయిలుతో సరిచూశారన్నమాట. లెక్క సరిపోయింది. నా ఛాతీ ఆటోనగర్ గేటంత వెడల్పయింది.

ఒక డీజిల్ కారు తుక్కులోంచి టర్బో పదకొండు వేలకు కొన్నాను. పెట్రోల్ ఇంజిన్ పొగ తొమ్మిది వందల డిగ్రీలు దాటిపోతుందనీ, డీజిల్ పొగ అంతకన్నా చల్లగా ఉంటుందనీ, ఆ టర్బో ఆ చల్లదనానికే అలవాటు పడిందనీ చదివి కూడా కొన్నాను. డబ్బెక్కడిదంటారా, మా ఆవిడ పాడిన చీటీది. వంటింటి అటకకి తలుపులు పెట్టించాలని ఆవిడ రెండేళ్లు కట్టిన చీటీ. "నెలలో తిరిగి ఇచ్చేస్తా" అన్నాను. మొగుళ్లంతా అనే మాటే అన్నాను.

ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, ఫ్యాక్టరీ ఈసీయూకి మామూలు గాలి ఒత్తిడి వరకే లెక్కలు తెలుసు. అంతకు మించి గాలి వస్తే ఎంత పెట్రోలు పోయాలో దానికి తెలియదు. అందుకని బూస్టు, అంటే టర్బో అదనంగా కూరే గాలి ఒత్తిడి, పెరిగితే పెట్రోల్ ఒత్తిడి పెంచే రెగ్యులేటర్ ఒకటి బిగించారు. అది సరిగ్గా నాలుగు పాయింట్ల (పీఎస్ఐ) వరకే ఆదుకుంటుందని మేస్త్రి గారు చెప్పి, బూస్టు మరని నాలుగు పాయింట్ల దగ్గర బిగించి, మర తల మీద ఎర్ర రంగు చుక్క పెట్టారు. "ఈ చుక్క కదలకూడదు బాబూ" అన్నారు.

మొదటి రోజు నడిపినప్పటి సంతోషం అబద్ధం కాదు, దాన్ని దాచను. రామవరప్పాడు దాటాక కాలు నొక్కితే బానెట్ కిందినుంచి సన్నని ఈల, ఆ వెంటే వీపుని ఎవరో అరచేత్తో ముందుకు తోసినట్టు బండి కదిలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాలుగు పాయింట్లతో బండి రెండు నెలలు హాయిగా నడిచింది. అక్కడ ఆగి ఉంటే ఇవాళ మీకు వేరే కథ చెప్పేవాణ్ణేమో.

పెళ్లి పిలుపులు వచ్చాయి. మా చెల్లెలి భర్త కూడా తన డీజిల్ కారులో అదే రోజు అదే దారిన వస్తున్నాడని తెలిసింది. ఆ రాత్రి బానెట్ ఎత్తి, టార్చి పళ్లతో పట్టుకుని, ఎర్ర చుక్క ఉన్న మరని తిప్పాను. మధ్యమధ్య నడిపి చూసుకుంటూ, మీటరు తొమ్మిది పాయింట్లు చూపించే దాకా తిప్పాను.

మర్నాడు బండిని అలా కాసేపు తిప్పి వచ్చాక ప్లగ్గులు విప్పి చూశాను. మూడో ప్లగ్గు తెల్లటి పింగాణి మీద ఆవగింజలో నాలుగోవంతు కూడా లేని మెరుపు చుక్కలు నాలుగైదు కనిపించాయి. బట్టతో తుడిస్తే పోలేదు. మురికి అనుకుని మళ్లీ బిగించేశాను. అది మురికి కాదు. నా పిస్టన్ నెత్తినుంచి ఊడి కరిగి అంటుకున్న అల్యూమినియం. ఇంజిన్ తన చేతిరాతతో రాసి పంపిన ఉత్తరం అది. నేను తుడవబోయాను.

పెళ్లి రోజు. 42 డిగ్రీల ఎండ. ఏసీ వేసి బయల్దేరాం. గన్నవరం దాటేసరికి అద్దంలో డీజిల్ కారు కనబడింది. దగ్గరికొచ్చింది. పక్కకొచ్చింది. మా చెల్లెలు కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను కాలు నొక్కాను. ఈల లేచింది. వాళ్లు వెనకబడ్డారు. ఇంకా నొక్కాను. అప్పుడు వినిపించింది. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు, గలగలగలమని. మా ఆవిడ, "ఏదో చప్పుడండీ" అంది. "టర్బో చప్పుడులే" అన్నాను. టర్బో చప్పుడు కాదని నాకు తెలుసు. నాకింగ్ గురించి రికార్డో అనే ఇంజినీరు దగ్గర్నుంచి అందరూ రాసింది చదివినవాణ్ణి, నాకు తెలియకపోవడమేంటి? "కాదండీ, ఆపండి" అంది. చెయ్యి చాచి పాట సౌండ్ పెంచాను. మళ్లీ కాలు నొక్కాను. హనుమాన్ జంక్షన్ దాటి మూడు కిలోమీటర్లు. ఠప్ మని ఒక్క శబ్దం, స్టీరింగు ఒక్క కుదుపు, అద్దంలో నీలం పొగ తప్ప రోడ్డు లేదు, వెనక లారీ హారన్, అమ్మ "నాయనా" అని అరుపు, బండి నత్తలా అంచుకి చేరింది. డీజిల్ కారు మా ముందు ఆగింది. ఆయన దిగి పరుగెత్తుకొచ్చి, ముందు మా అమ్మని దించి, నీళ్లు తాగించాడు. ఒక్క మాట కూడా అనలేదు. పక్క పొలాల్లోంచి ట్రాక్టర్ని పిలుచుకొచ్చిందీ ఆయనే. ఎండలో పట్టుపంచెతో నిలబడి, మోకు ముడి తన చేత్తో వేశాడు. తన కారులో ఎక్కమంటే, ఆడవాళ్లిద్దరూ నన్ను ఒంటరిగా వదిలి వెళ్లం అన్నారు. అలా ముగ్గురం మోకు కొసన పెళ్లికి వెళ్లాం.

ఇక్కడ కాసేపు ఆగుతాను. డబ్బు పోయింది, పరువు పోయింది, అవి పోయేవే. ఆ పొగలో వెనకనుంచి వచ్చే లారీ డ్రైవరుకి మేం కనిపించకపోయి ఉంటే? ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుని, ఒక మనిషి మజ్జిగ పోసుకుంటూ అన్న మాట కోసం కాలు నొక్కాను. ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ రాత్రిపూట లేచి కూర్చుంటాను.

వారం తర్వాత ఆటోనగర్లో హెడ్డు విప్పారు. మూడో పిస్టన్ని మేస్త్రి గారు నా అరచేతిలో పెట్టారు. నెత్తి అంచున ఉప్పు చల్లి గీకినట్టు సన్నని గుంతలు. గుంట మధ్యనుంచి పిన్ను వైపుకి తల వెంట్రుకలాంటి చీలిక. పై రింగుకీ రెండో రింగుకీ మధ్య గట్టు వేలెడు పొడుగున విరిగి పోయింది. ఆయన రింగు ముక్క తీసి కొస నాకు చూపించారు. అద్దంలా మెరుస్తోంది. వేడికి సాగి, రెండు కొసలూ ఢీకొని, ఒకదాన్నొకటి రాసుకున్న మెరుపు. ఇక సాగడానికి చోటులేక గట్టుని బద్దలు కొట్టుకుని బయటపడింది. నేను వద్దన్న పది నిమిషాల ఆకురాయి పని అక్కడ మెరుస్తోంది. ఆయన ఒక్కటే అన్నారు: "ఎర్ర చుక్క కదిలిందా బాబూ?" తల ఊపాను. ఇంకేమీ అడగలేదు.

ఆ రాత్రి మళ్లీ లెక్కకు కూర్చున్నాను. ఈసారి చోటు లెక్క కాదు, వేడి లెక్క. మొదట్లోనే వేయాల్సిన లెక్క. స్థూలంగా చెప్తాను. 42 డిగ్రీల గాలిని 9.5 రేషియోతో నొక్కితే రవ్వ పడే ముందు దాదాపు 420 డిగ్రీలు అవుతుంది. రేషియోని 8.5కి దించితే 390 చిల్లర. అంటే పిస్టన్ నెత్తి చెక్కించి నేను సంపాదించింది ముప్ఫై డిగ్రీల లోపే. టర్బో తొమ్మిది పాయింట్లకు నొక్కిన గాలి ఇంజిన్లోకి రాకముందే 115 డిగ్రీలు దాటుతుంది. దాన్ని 8.5తో నొక్కితే 550. ముప్ఫై దించి నూట అరవై ఎక్కించాను. అదే గాలిని ఇంటర్‌కూలర్ 60 డిగ్రీలకు చల్లార్చి ఉంటే 430 దగ్గరే ఆగేది, కంపెనీ ఇంజిన్‌కీ దానికీ పెద్ద తేడా ఉండేది కాదు. బంపరు కోయడం ఇష్టంలేక వదులుకున్నది ఆ నూట ఇరవై డిగ్రీలు. పైగా తొమ్మిది పాయింట్లకు చాలినంత పెట్రోలు అందలేదు, ప్లగ్గు రవ్వ వేసే టైమింగు వెనక్కి జరగలేదు, పోసింది అప్పట్లో బంకులో దొరికిన 91 ఆక్టేను పెట్రోలు. అంకెల మనిషిని కదా, అంకెలు తప్పు చేయలేదు. నాకు నచ్చిన అంకెనే అడిగాను, అది జవాబు చెప్పింది. నచ్చనిదాన్ని అడగనే లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఉంది. ఆర్‌సీలో రాసిన వివరాలు తారుమారయ్యేలా బండిని సొంతంగా మార్చకూడదని చెప్తుంది. అదీ నాకు తెలుసు. ఆ రోజు ఏదైనా ఘోరం జరిగి ఉంటే ఇన్సూరెన్సువాళ్ల ముందు నేను నోరెత్తడానికి ఉండేది కాదు.

బోరు అర మిల్లీమీటరు పెంచి, కంపెనీ కొలత ఓవర్‌సైజు పిస్టన్లు వేయించి, టర్బో తీసేయించాను. చీటీ డబ్బు మా ఆవిడకి తిరిగి ఇవ్వడానికి నెల కాదు, ఏడాదిన్నర పట్టింది. అటకకి తలుపులు వచ్చాయి. ఆ ఎస్టీమ్ తర్వాత ఏడేళ్లు ఒక్కసారి కూడా నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు. మా చెల్లెలి భర్తకి మాత్రం నిజం చెప్పలేదు. ఈ రాత ఆయన చదువుతాడు. బావగారూ, ఆ రోజు పెట్రోలు మంచిదే. మరని తిప్పింది నేనే.

ఈమధ్య మా మేనల్లుడు ఇంజినీరింగు చదువుతూ ఒక కాగితం పట్టుకొచ్చాడు. "మామయ్యా, ఇప్పుడు కంపెనీ టర్బో కార్లే 10 రేషియోతో వస్తున్నాయి, రేషియో దించాల్సిన పనే లేదంటున్నారు" అన్నాడు. వాడి కళ్లలో నా పాత వెలుగు కనబడింది. కూర్చోబెట్టి చెప్పాను. ఆ ఇంజిన్లలో పెట్రోలుని నేరుగా సిలిండర్లోనే చిమ్ముతారు, అది ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని లాగేసుకుంటుంది. నాకింగ్ మొదలైన మరుక్షణం పసిగట్టే సెన్సరు ఉంటుంది, టైమింగుని తక్షణం వెనక్కి లాగే ఈసీయూ ఉంటుంది. నిస్సాన్‌వాళ్లయితే నడుస్తుండగానే రేషియోని 8కీ 14కీ మధ్య మార్చుకునే ఇంజిన్ కూడా చేశారు. వాళ్లు రేషియో పెంచింది ధైర్యంతో కాదు, ప్రతి క్షణం వినే చెవి పెట్టుకుని. మన షెడ్డులో ఆ చెవి మనదే.

నిజంగా చేయాలనే ఉంటే, రోడ్డు మీద కాక ట్రాక్ మీద నడిపే బండికి, వరస ఇది: ముందు వేడి లెక్క, ఆ తర్వాత ఫోర్జ్‌డ్ పిస్టన్లు, వాటికి తగ్గ బోరు సందు, రింగుల కొసల సందు, ఇంటర్‌కూలర్, చాలినంత పెట్రోలు, సరైన టైమింగు, అన్నిటికన్నా ఆఖర్న బూస్టు. నేను ఆఖరిదాన్ని మొదట పట్టుకున్నాను.

మీ బండి ఏదైనా కావచ్చు, టర్బో ఉన్నా లేకపోయినా, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ గులకరాళ్ల చప్పుడు వినిపిస్తే ఒక్క పని చేయండి. పాట ఆపండి, కాలు తీయండి. పక్క సీట్లోవాళ్లు "ఏదో చప్పుడు" అంటే ఆ మాట వినండి. నేను వినలేదు.